మగవి లేని పాముల జాతి

ప్రశ్న: పూలకుండీలో మట్టి మారుస్తుండగా వానపాములా సన్నగా, నల్లగా ఉన్న చిన్న పాము బయటపడింది. అది గుడ్డి పాము అనీ, ఆ జాతిలో మగవే ఉండవనీ మా అబ్బాయి అంటున్నాడు. మగ తోడు లేకుండా పిల్లలు పుట్టడం సాధ్యమేనా? సాధ్యమైతే ఆవులలో, మనుషులలో అలా ఎందుకు జరగదు? – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ అబ్బాయి చెప్పింది సరైనదే. శాస్త్రజ్ఞులు పరీక్షించిన గుడ్డి పాములు ఆడవేనని తేలడంతో, ఈ జాతి మొత్తం ఆడపాములతోనే కొనసాగుతోందని భావిస్తున్నారు. శుక్రకణంతో కలవకుండానే అండం పిండంగా ఎదిగే ఈ పద్ధతిని అనిషేక జననం అంటారు. పాములలో కేవలం ఈ పద్ధతి మీదనే ఆధారపడిన జాతిగా గుర్తింపు పొందినది ఇదొక్కటే. దీని శాస్త్రీయ చరిత్ర మన విశాఖపట్నంలో మొదలైంది. అక్కడ ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న ప్యాట్రిక్ రస్సెల్ 1796లో వెలువరించిన గ్రంథంలో ఈ పామును వర్ణిస్తూ 'రెండు తలల పాము' అనే తెలుగు పేరును నమోదు చేశాడు. ఆ వర్ణన ఆధారంగానే 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాఁ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు.

చీమల, చెదపురుగుల గుడ్లనూ పిల్లపురుగులనూ తిని బతికే ఈ పాముకు విషం లేదు కనుక, దయచేసి దానిని చంపకండి. మొక్కల వేళ్ల మట్టిలో దాగి ఓడలెక్కిన ఈ జీవి ఆఫ్రికాకు, ఆస్ట్రేలియాకు, హవాయికి, ఫ్లోరిడాకు చేరి స్థిరపడింది. జత అవసరం లేనందువల్ల, ఒక్క పాము కొత్త నేలను చేరినా అక్కడ సంతతి మొదలవుతుంది.

ఇక్కడ వానపాముతో పొరబడకూడదు. వానపాము ఒకే శరీరంలో ఆడ, మగ అవయవాలు రెండూ కలిగిన ద్విలింగ జీవి, అయినా సాధారణంగా మరొక వానపాముతో జతకట్టే సంతానం పొందుతుంది.

మామూలుగా అండం తయారయ్యేటప్పుడు క్షయకరణ విభజన వల్ల తల్లి క్రోమోజోములలో సగమే అందులోకి చేరుతాయి, మిగతా సగం తండ్రి నుంచి రావాలి. గుడ్డి పాముకు క్రోమోజోములు రెండు వరుసలుగా కాక మూడు వరుసలుగా ఉంటాయి. మూడింటిని సరిసమానంగా సగం చేయడం కుదరదు కాబట్టి మామూలు విభజన దానికి పనికిరాదు. ఇటువంటి చిక్కును మరో ఆడజాతి ఎలా దాటుతుందో అమెరికాలోని న్యూమెక్సికో ప్రాంతపు విప్‌టెయిల్ బల్లులలో స్పష్టమైంది. విభజనకు ముందే అండమాతృ కణం తన క్రోమోజోములను అదనంగా ఒకసారి రెట్టింపు చేసుకుంటుందనీ, అందువల్ల విభజన పూర్తయ్యాక కూడా అండంలో తల్లికి ఉన్నన్ని క్రోమోజోములూ మిగులుతాయనీ 2010లో ప్రచురితమైన పరిశోధన చూపింది.

మగవి ఉన్న జాతులలో కూడా అరుదుగా ఇది జరుగుతుంది. ఇంగ్లండులోని చెస్టర్ జూలో మగ తోడు ఎరుగని ఫ్లోరా అనే కొమొడో డ్రాగన్ (ఒక రకం భారీ బల్లి) 2006లో గుడ్లు పెట్టింది. అయితే, ఒంటరి ఆడది గుడ్లు పెట్టిందనగానే అనిషేక జననమని తీర్మానించడం తొందరపాటు అవుతుంది. ఎందుకంటే చాలా సరీసృపాలు ఎప్పుడో జరిగిన కలయిక నాటి శుక్రకణాలను దీర్ఘకాలం శరీరంలో నిల్వ ఉంచుకోగలవు. అందుకే శాస్త్రజ్ఞులు పాడైన మూడు గుడ్ల డి.ఎన్.ఎ.ను పరీక్షించి, తండ్రి జాడ లేదని నిర్ధారించారు. 2007 జనవరిలో పుట్టిన పిల్లలు మగవి. ఆ జాతిలో ఆడవాటికి జడ్, డబ్ల్యు అనే రెండు లింగ క్రోమోజోములు ఉంటాయి. అండంలో వీటిలో ఏదో ఒకటే ఉండి అదే రెట్టింపవుతుంది. రెండు డబ్ల్యులు వచ్చిన పిండం బతకదు, రెండు జడ్‌లు వచ్చినది మగపిల్ల అవుతుంది. అంటే, ఒంటరిగా ఒక దీవిని చేరిన ఆడ డ్రాగన్ తన సంతానంలోని మగదానితోనే తరువాతి తరాన్ని కనగలదన్న మాట. కానీ అటువంటి సంతతిలో జన్యు వైవిధ్యం బాగా తగ్గిపోతుంది.

ఇక ఆవుల, మనుషుల సంగతి. క్షీరదాలలో కొన్ని జన్యువులు తండ్రి నుంచి వచ్చినప్పుడే పనిచేస్తాయి, మరికొన్ని తల్లి నుంచి వచ్చినప్పుడే. జన్యువు ఎవరి నుంచి వచ్చిందో తెలిపే ఈ గుర్తునే జన్యు ముద్ర అంటారు. తల్లి వైపు ముద్ర మాత్రమే ఉన్న పిండంలో మాయ సరిగా ఏర్పడక, ఎదుగుదల మధ్యలోనే ఆగిపోతుంది. 2004లో జపాన్ శాస్త్రజ్ఞులు ఇద్దరు తల్లుల జన్యువులతో కగుయా అనే ఎలుకను పుట్టించగలిగారు గానీ, అందుకు వారు ఈ జన్యు ముద్రలను ప్రయోగశాలలో మార్చవలసి వచ్చింది.