కరివేపాకు మీద పిట్టరెట్ట కనిపిస్తే దులిపేయకండి

ప్రశ్న: మా తోడికోడలు వాళ్ళు ఇంగ్లాండులో ఉంటారండి, అక్కడ ఎల్మ్ చెట్ల మీద సీతాకోకచిలుక పురుగుల్ని వెతికి ఫోటోలు పెడుతుంది. మా పిల్లలకీ చూపిద్దామని దొడ్లో నిమ్మచెట్టు, కరివేపాకు చెట్టు అంతా గాలించాం, ఆకులైతే కొరికేసి ఉన్నాయి గానీ పురుగే కనపడట్లేదు. ఎక్కడ చూడాలి?
– ఓ పాఠకురాలు, రాజోలు

జవాబు: చెట్లు కరెక్టేనండి. ఇంగ్లాండులో వైట్ లెటర్ హెయిర్‌స్ట్రీక్ అని ఓ చిన్న సీతాకోకచిలుక ఉంది, దాని పురుగు ఎల్మ్ తప్ప ఇంకోటి ముట్టదు, తెగులొచ్చి ఎల్మ్‌లు పోతే అదీ తగ్గిపోయింది. మనవాటికి ఆ పట్టింపు నిమ్మజాతి మీద, కరివేపాకూ ఆ కుటుంబమే.

ముందు లేత చిగుళ్ళు చూడండి, లేత పసుపు గుడ్లు ఒక్కోటి విడివిడిగా ఉంటాయి. పిల్ల పురుగు దాక్కోదు, ఆకు పైనే దర్జాగా కూర్చుంటుంది, కాకపోతే గోధుమరంగు మీద తెల్ల మచ్చలతో అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది కాబట్టి మీరు చూసి కూడా వదిలేసుంటారు. పెద్దయ్యి ఆఖరిసారి కుబుసం విడిచాక పచ్చగా అయిపోయి ఆకుల్లో కలిసిపోతుంది, అప్పుడు పురుగు కోసం చూడటం దండగ, కింది ఆకుల మీద నల్ల పెంటికలు ఉన్నాయేమో చూసి సరిగ్గా దాని పైకొమ్మ వెతకండి. పుల్లతో మెల్లిగా తాకితే తల వెనక నుంచి ఎర్రటి పంగల కొమ్ము బయటికి తీసి ఓ ఘాటు వాసన కొడుతుంది, పిల్లలకి అదే పెద్ద సరదా! దురదేం పెట్టదు, భయపడక్కర్లేదు.

తొలకరి తర్వాత చిగుళ్ళేసే టైమ్ మంచిది. కడియం వైపు నర్సరీల నుంచి కొత్తగా తెచ్చిన మొక్క మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, చిన్న నిమ్మ మొక్కని ఈ పురుగులు బోడి చేసేస్తాయి కాబట్టి మందు కొట్టే ఉంటారు, పాపం వాళ్ళ బాధ వాళ్ళది. పురుగు ప్యూపా అయ్యాక, అంటే కదలకుండా గుల్లలో ఉండిపోయాక, వారం పది రోజుల్లో సీతాకోకచిలుక వస్తుంది, ఒక్కోసారి దాని బదులు, లోపలే దాన్ని తిని పెరిగిన చిన్న చిన్న కందిరీగలు వస్తాయి, పురుగు తిన్నది వాటికే పోయిందన్నమాట.

ప్రశ్న: మా మునగచెట్టు మొదట్లో బొచ్చు పురుగులు గుంపుగా పట్టాయి, ఇవీ సీతాకోకచిలుకలేనా?
– పాలకొల్లు నుంచి ఒకరు

జవాబు: కాదండి బాబూ, అవి రాత్రిపూట తిరిగే మాత్‌లవుతాయి. వీటిని మాత్రం ముట్టుకోవద్దు, ఆ బొచ్చు తగిలితే దద్దుర్లే, పిల్లల్ని అటు పోనివ్వకండి.