మీ దగ్గరికొస్తే బడి, అత్తమ్మ దగ్గరికి పోతే కథ

దేవరకొండ నుంచి ఒక సోదరి రాశారు. ఒకటో తరగతి చదివే కొడుకు అక్షరాలన్నీ గుర్తుపడతాడు, మాట చదవమంటే మాత్రం కూడబలుక్కుంటాడు. రాత్రిపూట అత్తమ్మ కథలు చెప్పి వాడి భాష పాడుచేస్తోందని ఆమె పక్కన పడుకోవడం మాన్పించారట. ట్యూషన్ పెట్టించాలా, ఫోన్‌లో యాప్ పెట్టాలా అన్నది ప్రశ్న.

రెండూ వద్దు. రెండు పేజీల ఉత్తరంలో పిల్లవాడి చదువు గురించి ఉన్నవి ఐదు వాక్యాలు. మిగతాదంతా అత్తమ్మే. "వాడు నా దగ్గర కూర్చోడు, నాయనమ్మ కొంగు వదలడు" అన్నారు చూడండి, నొప్పి అక్కడుంది. మీ దగ్గరికొస్తే హోంవర్కు, ఆమె దగ్గరికి పోతే కథ. ఆరేళ్ల పిల్లగాడు ఎటు పోతడు?

ఆమె చేస్తున్నది సగం చదువు నేర్పడమే. 'చె...రు...వు' అని కూడబలుక్కునేటప్పుడు ఆ మాట చెవికి ముందే తెలిసుంటే రెండో అక్షరానికే పట్టేస్తాడు. తెలియని మాటైతే చివరికి వచ్చేసరికి మొదటి అక్షరం మరిచిపోతాడు. గుణింతాలు, ఒత్తులు కలిస్తే వందల రూపాలాయె, అన్నీ బట్టీ పట్టించి చదివించలేరు. "గేదె అనడు, బర్రె అంటడు" అని మీ ఫిర్యాదు. 'మనింట్ల బర్రె, పుస్తకంల గేదె' అని చెప్పండి, అంతే. చెవులపిల్లి, కుందేలు కూడా అట్లనే. అత్తమ్మ మాటను వాడి ముందు వెక్కిరించడం మాత్రం నాకు అస్సలు నచ్చలేదు.

రాత్రి పది పదిహేను నిమిషాలు ఆమె కథ చెప్పాలి, వారమంతా అదే కథ. ఏడు చేపల కథ దీనికి బాగా పనికొస్తుంది. చేపనడిగినా, గడ్డిమోపునడిగినా, ఆవునడిగినా ప్రశ్న అదే, ఒకటి రెండు మాటలే మారతాయి. రెండు మూడు రాత్రులకు వాడే అందుకుంటాడు. మధ్యలో "తర్వాత ఏమైతది?" అని ఒక్కసారి అడిగితే చాలు. వరసగా ప్రశ్నలేస్తే కథ కూడా పరీక్షే అవుతుంది, మరునాడు కథ అనగానే వాడికి నిద్రొస్తుంది.

సాయంత్రం మీ వంతు. ఆ కథే వాడు చెబుతుంటే నాలుగైదు వాక్యాలు, వాడి మాటల్లోనే, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి. ముందు మీరు వేలు పెట్టి చదవండి, తర్వాత ఇద్దరూ కలిసి, ఆఖరుకు వాడొక్కడే. చూడకుండానే అప్పజెప్పేస్తున్నాడని అనుమానమొస్తే కాగితాన్ని మాట మాటకూ కత్తిరించి కలిపేసి, మళ్లీ పేర్చమనండి. తప్పు చదివితే వెంటనే అందుకోకండి, ఐదు లెక్కపెట్టేంత సేపు ఆగండి. చాలాసార్లు వాడే దిద్దుకుంటాడు. రాకపోతే మాట చెప్పేసి ముందుకు పోండి. ఇరవై నిమిషాలు దాటనీయొద్దు.

రెండు మూడు నెలలకూ 'చీమ', 'చేప' తేడా పట్టలేకపోతే కళ్లు, చెవులు డాక్టరుకు చూపించండి. తరచూ చెవి కారే పిల్లలకు మాట సరిగా వినబడకపోవచ్చు.

అత్తమ్మతో మీరే మాట్లాడండి, మీ ఆయనతో చెప్పించకండి. "వాని పక్క మళ్ల మీ దగ్గర్నే వేస్త అత్తమ్మా" అంటే చాలు.