ఆ తల్లికి బదులు నువ్వు జవాబు చెప్పకు

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి,

ప్రభువు పేరట వందనాలు. నువ్వు పంపిన వ్యాసం ఒకసారి మామూలుగా చదివాను, తర్వాత పెన్సిలు పట్టుకుని మళ్ళీ చదివాను. తిత్లీ తుఫాను మీద ఇన్నేళ్ళ తర్వాత మన వైపు నుంచి తెలుగులో ఒక పిల్ల రాసిందంటే నాకు నిజంగా సంతోషం. మన సంఘాల్లో సాక్ష్యాలు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, కూర్చుని రాసేవాళ్ళు తక్కువ.

ముందు బాగున్నవి చెప్తాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తుఫాను తీరం దాటుతున్న వేళ మీ ఊళ్ళో రేకులు లేచిపోయిన చప్పుడు, తెల్లారాక వంశధార రంగు, వేళ్ళతో సహా పడిపోయిన జీడిచెట్లు, కరెంటు లేని రోజుల్లో ఫోన్ ఛార్జింగ్ కోసం ట్రాక్టరు బ్యాటరీ చుట్టూ మూగిన జనం. ఇవేవీ తీయకు. చూసిన మనిషి మాత్రమే రాయగలిగినవి ఇవి.

చిక్కంతా చివరి రెండు పేరాల్లో ఉంది. పక్కపక్కనే రెండు ఇళ్ళు. ఒక ఇంట్లో రాత్రంతా ప్రార్థన చేశారు, దేవుడు బాహువు చాచి అందరినీ కాపాడాడు అని రాశావు. రెండో ఇంట్లో గోడ కూలి పిల్లాడు పోయాడు. అక్కడికొచ్చేసరికి, ‘దీనిలో కూడా దేవునికి గొప్ప ప్రణాళిక ఉంది, ఆ తల్లి ఒకరోజు గ్రహిస్తుంది’ అని ముగించేశావు. ఆ తల్లి ఈ వ్యాసం చదువుతుందని ఒక్కసారి అనుకుని చూడు. రెండో ఇంట్లో ప్రార్థన చేయలేదా? చేసే ఉంటారు. ఆ రాత్రి మన జిల్లాలో ప్రార్థన చేయని ఇల్లు ఏది?

నీ విశ్వాసాన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదమ్మా. దేవుడు ఈ లోకాన్ని నడిపిస్తున్నాడని నేనూ మనసారా నమ్ముతాను. అందుకే, ఆ నమ్మకం ఏమిటో, ఏది కాదో మనం సరిగ్గా తెలుసుకుని రాయాలంటాను.

దైవ పరిపాలన అని పెద్దలు చెప్పినదాంట్లో మూడు సంగతులున్నాయి. చేసిన సృష్టిని ఆయన వదిలేయలేదు, క్షణక్షణం నిలబెడుతున్నాడు. గాలి గాలిలాగే వీస్తున్నా, మనిషి తన ఇష్టప్రకారమే నడుస్తున్నా ఆ పనుల్లో ఆయన చెయ్యి కూడా ఉంది. అన్నిటినీ తన ఉద్దేశం వైపు తీసుకెళ్తున్నాడు. ఫలానా పిల్లాడు ఫలానా రాత్రి ఎందుకు పోయాడో మనకి తెలుస్తుందన్న మాట మాత్రం వీటిలో ఎక్కడా లేదు. విశ్వాసాన్ని ప్రశ్నా జవాబులుగా నేర్పే పుస్తకం, 1563లో వచ్చిన హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరావళి తీసుకో. వానా ఎండా, పంటా కరువూ, ఆరోగ్యం జబ్బూ, ఏదీ యాదృచ్ఛికంగా రాదు, తండ్రి చేతి నుంచే వస్తుందని చాలా గట్టిగా చెప్తుంది. వెంటనే, ఇది తెలుసుకుంటే మనకేం ప్రయోజనం అని అడుగుతుంది. జవాబు ఏమిటనుకున్నావు? కష్టంలో ఓర్పు, సుఖంలో కృతజ్ఞత, రాబోయేదాని విషయంలో తండ్రి మీద నమ్మకం. కారణం తెలుస్తుందని అక్కడా లేదు.

ఇక బతికిన ఇంటి సంగతి. జయపురం వైపు లూథరన్ సంఘాల్లో పిల్లలకి నేర్పే చిన్న ప్రశ్నోత్తరావళి ఉంది కదా, 1529లో మార్టిన్ లూథర్ రాసినది. తిండి, బట్ట, ఇల్లు, ఆపదల నుంచి కాపుదల, అన్నీ దేవుడే ఇస్తున్నాడని చెప్పి, అదంతా కేవలం తండ్రి దయవల్లే, నాలో ఏ యోగ్యతా లేకుండానే అంటాడు. బతికి బయటపడ్డవాళ్ళ సాక్ష్యం రాసేటప్పుడు ఈ మాట పక్కన పెట్టుకో. కాపాడబడినందుకు వాళ్ళు కృతజ్ఞత చెప్పుకోవాలి, తప్పకుండా చెప్పుకోవాలి. మేం ప్రార్థించాం కాబట్టి బతికాం అని నువ్వు రాస్తే మాత్రం, పక్కింటివాళ్ళ మీద తీర్పు రాసినట్టే. నీకు ఆ ఉద్దేశం లేదని నాకు తెలుసు. కానీ అచ్చయ్యాక ఉద్దేశం కాగితం మీద కనపడదు, వాక్యమే కనపడుతుంది.

ఈ తీర్పుని యేసు తానే ఆపాడు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోయారు. వాళ్ళు యెరూషలేములో అందరికంటే పెద్ద పాపులనుకుంటున్నారా, కారు అని లూకా 13లో చెప్పాడు. కారణం వివరించలేదు. వింటున్నవాళ్ళ వైపు తిరిగి, మీ సంగతి చూసుకోండి, మారుమనస్సు పొందండి అన్నాడు. మన గజపతి జిల్లాలో బరఘర దగ్గర, ఆ తుఫాను వానలో ఇళ్ళకంటే భద్రమనుకుని కొండ గుహలో తలదాచుకున్నవాళ్ళ మీద కొండచరియ విరిగిపడింది. వాళ్ళ గురించి రాయాల్సివచ్చినప్పుడు నాకు దారి చూపేది ఈ సిలోయము మాటే.

బిడ్డల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు, అతని స్నేహితుల్ని కూడా ఒకసారి చదువు. ఏడు పగళ్ళు ఏడు రాత్రులు ఒక్క మాటైనా పలకకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. అంతవరకూ వాళ్ళు మంచి స్నేహితులే. నోరు తెరిచి దేవుడి తరఫున వాదించడం మొదలుపెట్టాకే చెడింది. చివర్లో దేవుడు కోప్పడింది నిలదీసిన యోబు మీద కాదు, తనను సమర్థించినవాళ్ళ మీద: ‘నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలుకలేదు.’ మతం గురించి రాసే ప్రతివాళ్ళూ ఈ వాక్యానికి భయపడాలని నేననుకుంటాను.

నీ వ్యాసం మొదట్లో యోసేపు మాట ఎత్తి రాశావు: మీరు కీడు ఉద్దేశించారు గాని దేవుడు మేలుకే ఉద్దేశించాడు. సంకల్పం గురించి బైబిల్లో ఇంతకంటే స్పష్టమైన మాట దొరకదు. అయితే ఆ మాట ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో చూడు. అన్నది గుంటలో పడ్డవాడే, పక్కనుంచి చూసినవాడు కాదు. అన్నది కూడా తనను అమ్మేసిన అన్నలతో, వాళ్ళ భయం తీర్చడానికి. పదిహేడేళ్ళవాడిని అమ్మేశారు. ముప్పయ్యేళ్ళకి ఫరో ఎదుట నిలబడ్డాడు. ఏడేళ్ళ పంట, రెండేళ్ళ కరువు గడిచాక, దేవుడే నన్ను మీకు ముందుగా పంపించాడు అని మొదటిసారి నోరు విప్పాడు. లెక్కవేస్తే దాదాపు 22 ఏళ్ళు. నువ్వు ఎత్తి రాసిన మాటైతే తండ్రి యాకోబు చనిపోయాక, ఇంకో పదిహేడేళ్ళకి.

ఆ 22 ఏళ్ళూ యాకోబు ఇంట్లో ఏం జరుగుతోంది? రక్తంలో ముంచిన అంగీ పట్టుకుని, దుష్టమృగం నా కొడుకుని తినేసింది అని ఏడుస్తున్నాడు. కొడుకులూ కూతుళ్ళూ లేచి ఓదార్చబోతే ఓదార్పు వద్దన్నాడు. ఓదార్చబోయిన ఆ కొడుకులే పిల్లాడిని అమ్మినవాళ్ళు! మనం కథంతా చదివినవాళ్ళం కాబట్టి ఐగుప్తులో ఏం జరుగుతోందో మనకి తెలుసు. యాకోబుకి తెలీదు. ఆ గుడారంలో కూర్చుని రాయాల్సివస్తే నువ్వేం రాస్తావు? నీ కొడుకు ఐగుప్తుకి అధిపతి అవుతాడు అని రాయలేవు, నీకూ తెలీదు కాబట్టి. అంగీ గురించి రాస్తావు. అతను తిండి మానేశాడా, రాత్రుళ్ళు ఎవరి పేరు పలుకుతున్నాడు, చిన్నవాడు బెన్యామీనుని కళ్ళముందు నుంచి ఎందుకు కదలనివ్వట్లేదు, ఇవి రాస్తావు. దేవుడు ఆ గుడారంలో లేడని దీని అర్థం కాదు. ఆయన పని ఇంకా పూర్తికాలేదు, రాసేదానివి నువ్వు దాని మధ్యలో ఉన్నావు. మన వైపు తుఫాన్లలో పిల్లల్ని పోగొట్టుకున్న ఇళ్ళు చాలావరకు ఇంకా ఆ 22 ఏళ్ళలోనే ఉన్నాయి. కొన్ని ఇళ్ళకి ఈ లోకంలో ఆ ఏళ్ళు పూర్తికాకపోవచ్చు కూడా.

బాధపడ్డవాళ్ళే మాట్లాడినప్పుడు ఎలా ఉంటుందో మన రాష్ట్రంలోనే చూశాం. 1999 జనవరి 22 రాత్రి కేంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నీ, ఆయన కొడుకులు పదేళ్ళ ఫిలిప్‌నీ, ఆరేళ్ళ తిమోతినీ జీపులోనే తగలబెట్టారు. చంపినవాళ్ళని క్షమిస్తున్నానని ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్ చెప్పారు. బారిపదలో కుష్ఠురోగుల సేవ ఆపలేదు. ఆ క్షమాపణ దేశమంతా విన్నది, ఆమె నోట వచ్చింది కాబట్టి. అదే మాట ఆమె బదులు ఇంకెవరో చెప్పి ఉంటే అదెంత కటువుగా ఉండేదో ఊహించు.

ఇంకో సంగతి. నీ వ్యాసంలో గోడ ఎందుకు కూలిందో లేదు. పాత మట్టిగోడా? పునాదిలోకి నీళ్ళొచ్చాయా? హెచ్చరిక అందిందా? ఇవి అడగడం విశ్వాసానికి తక్కువ కాదు. 1999 అక్టోబరు 29 నాటి పెను తుఫానులో ఒడిశాలో దాదాపు 10,000 మంది పోయారు. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ దాటినప్పుడు ముందే 10 లక్షల మంది దాకా తరలించారు, పోయినవాళ్ళు పదుల్లోనే. మరి ఆ షెల్టర్లు, ఆ రాడార్లు, తలుపు తలుపూ కొట్టి జనాన్ని లేపిన ఉద్యోగులు దేవుడి కాపుదలకి బయట ఉన్నారా? అపొస్తలుల కార్యములు 27 చూడు. తుఫానులో చిక్కిన పౌలు ఓడలో 276 మంది. ఒక్కరి ప్రాణానికీ నష్టం రాదని దేవదూత చెప్పాడని పౌలు ముందే అన్నాడు. తీరా ఓడవాళ్ళు పడవ దించుకుని పారిపోబోతుంటే, వీళ్ళు ఓడలో ఉంటేనే గాని మీరు తప్పించుకోలేరు అన్నాడు. వాగ్దానం మీద నమ్మకమూ, ఓడ నడిపేవాళ్ళ అవసరమూ ఆయనకి ఒకదానికొకటి అడ్డు రాలేదు. కాబట్టి ‘అంతా దేవుని చిత్తం’ అనే మాటతో ఏ ఉద్యోగి బాధ్యతనీ, ఏ కాంట్రాక్టరు తప్పునీ కప్పేయకు. తలరాత అనుకుని ఊరుకునేవాళ్ళకీ మనకీ తేడా ఇదే. మనం నమ్మేది వినే దేవుణ్ణి. ఆయన ముందు మొరపెట్టొచ్చు, నిలదీయొచ్చు.

నీ భాష గురించి కూడా ఒక మాట. నీ చదువంతా ఒడియాలో సాగింది. తెలుగు సండేస్కూల్లో, అమ్మ బైబిల్లో నేర్చుకున్నావు. అందుకే దుఃఖం రాగానే నీ కలం బైబిలు తెలుగులోకి జారిపోతోంది: ‘కన్నీటి లోయ’, ‘బాహువు చాచి’. అది నీ సొత్తు, సిగ్గుపడనక్కర్లేదు. కానీ ఆ తల్లి అలా మాట్లాడదు కదా. ఆమె అన్నది అన్నట్టే రాయి, మధ్యలో ఒడియా మాటొస్తే ఒడియా మాటే ఉంచు. బైబిలు మాట కావాలనిపిస్తే కీర్తన 88 తెరువు. ‘చీకటి’ దగ్గరే ఆగిపోతుంది ఆ కీర్తన, చివర్లో ఏ ఓదార్పూ లేదు. అయినా దాన్ని పరిశుద్ధ గ్రంథంలోంచి ఎవరూ తీసేయలేదు. స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్ళు విడిచాడు కూడా. కాసేపట్లో అతన్ని లేపబోతున్నానని తెలిసి ఏడ్చాడు. ఆ ఏడుపు సంకల్పానికి విరుద్ధం కానప్పుడు నీ వ్యాసంలో ఏడుపు ఎందుకు విరుద్ధమవుతుంది?

రోమా 8:28 ఎప్పుడు వాడాలని అడిగావు. సమస్తమూ సమకూడి మేలుకే జరుగుతున్నాయన్నది నేను నా ప్రాణం పెట్టి నమ్మే మాట. కానీ దాన్ని ఆదరణ కూడికలో మొదటి మాటగా చెప్పకు, వ్యాసంలో చివరి మాటగా పెట్టకు. దెబ్బలూ, చెరసాలలూ, ఓడ పగలడాలూ చూసిన పౌలు రాసిన మాట అది. దానికి ఆరు వచనాల ముందు సృష్టి యావత్తూ మూలుగుతోందని ఆయనే రాశాడు. ఆ మూలుగు వినిపించకుండా ఈ వచనం రాస్తే సగమే రాసినట్టు.

ఇక చేయాల్సింది. ఆ రెండు పేరాలూ కొట్టేయి. బతికిన ఇంటివాళ్ళ కృతజ్ఞతని వాళ్ళ మాటల్లోనే పెట్టు, ‘కాబట్టి’ తగిలించకు. తర్వాత ఆ తల్లి దగ్గరికి వెళ్ళు. కాగితం తీయొద్దు, ఫోన్లో రికార్డింగ్ పెట్టొద్దు. ఆమె ఇష్టమైతే మాట్లాడుతుంది, లేకపోతే పని చేసుకుంటూ ఉంటుంది, నువ్వూ ఆ పనిలో చెయ్యి వెయ్యి. దేవుడి గురించి ఆమే ఏమైనా అంటే, కోపంగా అన్నా సరే, అదే నీ వ్యాసానికి ముగింపు. ఏమీ అనకపోతే ఆమె ఏమీ అనలేదని రాయి. పత్రికవాళ్ళు ఆదరణ వాక్యం ఏదమ్మా అని అడుగుతారు. కీర్తన 88 కూడా వాక్యమే అని మర్యాదగా చెప్పు. అయ్యగారు అడిగితే ఈ ఉత్తరం చూపించు, నాకేం అభ్యంతరం లేదు.

అచ్చుకి పంపేముందు మొత్తం ఆమెకి చదివి వినిపించు. పిల్లాడి పేరు ఉంచాలా వద్దా ఆమే చెప్పాలి. అసలు వద్దంటే ఆ వ్యాసం పక్కన పెట్టేసి ఇంకొకటి రాయి. జీడితోటల గురించి రాయి, ఆ ట్రాక్టరు బ్యాటరీ గురించి రాయి. ఏది రాసినా నాకు పంపు, చదువుతాను.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న వంటివాడు