మోపుల లెక్క వద్దు, ఆకు చూసి కోయండి

"పశువుల మేతకు వేసే సూపర్ నేపియర్ గడ్డి ఆలస్యంగా కోస్తే దిగుబడి ఎక్కువ వస్తుంది కదా, నెలన్నరకే ఎందుకు కోయమంటారు?" అని కొందరు అడిగారు. బరువు ఎక్కువ వస్తుంది, నిజమే. కానీ పెరిగిన బరువులో ఎక్కువ భాగం కాడదే. పాలిచ్చేది ఆకు.

గుంటూరు దగ్గర పల్లెలో మా బాబాయికి ముర్రా గేదెలున్నాయి. ఒక ఏడు మిరప నాట్ల హడావుడిలో గడ్డి మడి వైపు ఎవరూ వెళ్లలేదు. మనిషిని మించి పెరిగింది. కోస్తే ఎప్పుడూ వచ్చే దానికి రెట్టింపు మోపులు వచ్చాయని బాబాయి తెగ సంబరపడ్డాడు. పొద్దున్నే గాడిలో చూస్తే గేదెలు ఆకు గీరుకుని తిని, బొటనవేలి లావు కాడలన్నీ వదిలేశాయి. ఒక కాడను కొడవలితో కోసి చూశాను. చుట్టూ గట్టి పెచ్చు, లోపల తెల్లటి బెండు. వారం తిరిగేసరికి పాలు తగ్గాయి. "గడ్డి ఇంత వేస్తున్నా ఇదేంట్రా!" అని పిన్ని ఒకటే టెన్షన్. చివరికి తవుడు, చెక్క పెంచారు. ఆ ఖర్చు ఎవరూ దిగుబడి లెక్కలో రాయరు.

చాఫ్ కట్టర్‌లో వేస్తే తింటాయిగా అంటారు. తింటాయి. అయితే ముదిరిన కాడను ముక్కలు చేసినంత మాత్రాన ప్రోటీన్ పెరగదు, పీచు తగ్గదు. పిలకలు అమ్మేవాళ్లేమో టన్నులే చెబుతారు, అందులో ఆకెంతో ఒక్కరూ చెప్పరు!

అలాగని పాతిక రోజులకే కోయకండి. కోసిన దుబ్బు మోడులో, వేళ్లలో దాచుకున్న బలంతోనే మళ్లీ చిగురిస్తుంది. అది కూడేలోపే కోస్తూ పోతే పిలకలు సన్నబడి, ఖాళీల్లో తుంగ లేస్తుంది. పైగా మరీ లేత గడ్డిలో నీరే ఎక్కువ, పశువుకు చెరుపు చేసే ఆక్సలేట్లూ ఎక్కువే. నాటిన 70-75 రోజులకు మొదటి కోత, తర్వాత 40-45 రోజులకోసారి, నాలుగైదు అంగుళాల మోడు వదిలి కోయండి. చలికాలం ఎదుగుదల తగ్గుతుంది కాబట్టి కొన్ని రోజులు ఆగొచ్చు. ప్రతి కోతకూ నీళ్లు, కాస్త యూరియా తప్పనిసరి. మడంతా ఒక్కసారి కోయకుండా రోజుకో ముక్క చొప్పున కోసుకుంటూ పోతే ముదిరే గొడవే ఉండదు.

ఇంకో మాట. నేపియర్ ఒక్కటే వేసి ఊరుకోకండి. మన డెల్టాలో వరి కోతకు ముందే చేలో పిల్లిపెసర చల్లేవారు. పప్పుజాతి మేత, ప్రోటీన్‌లో నేపియర్ దాని దరిదాపుల్లోకి రాదు. వరి తర్వాత మొక్కజొన్న వేయడం వచ్చాక చాలామంది మానేశారు, నాకు అదే బాధ. విత్తనం దొరికితే ఈసారి చిన్న మడిలోనైనా చల్లండి.