జనాభా లెక్క వేరు, స్టాప్‌వాచ్ లెక్క వేరు

జనాభా, డబ్బు ఉన్న దేశాలే ఒలింపిక్స్‌లో గెలుస్తాయా, అలాగైతే చిన్న దేశాలకి మెడల్స్ ఎలా వస్తున్నాయి అని అడిగారు. సగం నిజమే.

టోక్యో ఒలింపిక్స్ అయ్యాక నేనూ ఎక్సెల్‌లో జనాభాని, మెడల్స్‌ని పక్కపక్కన పెట్టి తలసరి లెక్క తీశాను. అందరికన్నా పైన శాన్ మారినో తేలింది. సుమారు 34 వేల జనాభాకి 3 మెడల్స్. దాదాపు 140 కోట్ల మంది ఉన్న భారత్‌కి 7. బంగ్లాదేశ్‌లో 16 కోట్లు దాటి జనం ఉన్నా అప్పటికి ఒక్కటీ రాలేదు. పెద్ద విషయం కనిపెట్టేశాననుకున్నా గానీ, ఆ లెక్కే తప్పు. పరుగుపందెంలో ఒక దేశం నుంచి మామూలుగా ముగ్గురినే దిగనిస్తారు. హాకీలో టీమంతా కలిసి గెలిచినా పట్టికలో పడేది ఒక్క మెడలే. జనాభా పదింతలున్నంత మాత్రాన మెడల్స్ పదింతలు రావు.

ఇక డబ్బు. 1996లో అట్లాంటాలో బ్రిటన్‌కి వచ్చింది ఒకే ఒక్క స్వర్ణం. అప్పటికేమీ అది పేద దేశం కాదు. ఆ మరుసటేడు నుంచి లాటరీ డబ్బు ఆటగాళ్ల శిక్షణకి మళ్లించారు. 2016లో రియోలో 27 స్వర్ణాలు కొట్టారు. ఖజానాలో ఎంతుందన్నది కాదు, అందులో గ్రౌండు దాకా ఎంత వచ్చిందన్నది చూడాలి. సైక్లింగ్, రోయింగ్, సెయిలింగ్ లాంటివాటిలో ఈ తేడా మరీ ఎక్కువ. దూరపు పరుగుల్లో తిరుగులేని కెన్యా, ఇథియోపియా ఆ ఆటల్లో పెద్దగా కనిపించకపోవడానికి అదే కారణం.

నా సంగతి చెప్తా. స్కూల్లో 800 మీటర్లు పరిగెత్తేవాణ్ణి. ముగ్గుపిండితో గీసిన ట్రాకు, ఒక రౌండు ఎన్ని మీటర్లో ఎవరికీ తెలీదు. డ్రిల్లు మాస్టారి దగ్గర ఒకటే స్టాప్‌వాచ్. మొదటివాడు గీత దాటగానే నొక్కేసి జేబులో పెట్టుకునేవారు. నేనెప్పుడూ రెండోవాణ్ణి, అందుకని స్కూలు వదిలేదాకా నా టైమెంతో నాకు తెలీదు. 19వ ఏట కాలేజీ మీట్‌లో మొదటిసారి కొలిచారు: 2 నిమిషాల 9 సెకన్లు. అక్కడున్న కోచ్ వయసెంతని అడిగాడు. చెప్పగానే పక్క కుర్రాడి వైపు తిరిగిపోయాడు.

ఎప్పుడూ నన్ను ఓడించినవాడు పదో తరగతి కాగానే పనిలో చేరాడు. వాడికి కావాల్సింది బూట్లు కాదు. సంపాదన లేకపోయినా ఇంట్లో గడిచే నాలుగైదేళ్లు. దేశం ధనికమైతే ఆటగాడికి నిజంగా దొరికేది అదేనని నా అభిప్రాయం.

జమైకా మరీ ధనిక దేశమేం కాదు, జనాభా 30 లక్షల లోపే. కానీ 1910 నుంచి అక్కడ స్కూలు పిల్లలకి చాంప్స్ అనే అథ్లెటిక్స్ పోటీలు పెడుతున్నారు. స్టేడియం కిక్కిరిసిపోతుంది. ఉసేన్ బోల్ట్, షెల్లీ-ఆన్ ఫ్రేజర్-ప్రైస్ ఇద్దరూ అక్కడ పరిగెత్తి పైకొచ్చినవాళ్లే. టోక్యోలో మహిళల 100 మీటర్లలో మూడు మెడల్సూ జమైకావే. నాలుగో అమ్మాయిని దింపే వీల్లేదు మరి. అక్కడ పుట్టుంటే నా టైమ్ కూడా ఎవరో ఒకరు రాసిపెట్టేవాళ్లు. ఫైనల్‌కి వెళ్లేవాణ్ణి కాదనుకోండి, అది వేరే సంగతి.