నక్షత్ర గోళం మీద రాశులు తిరగబడి ఉంటే నకిలీ అనుకోకండి

మీ దగ్గరున్న పాత కేరీ నక్షత్ర గోళం (నక్షత్రాల పటం అతికించిన గోళం) మీద సింహరాశి ఆకాశంలో కనిపించేదానికి అద్దంలోలా కుడిఎడమలు తిరగబడి ఉందని, నకిలీయేమోనని అడిగారు కదా. టెన్షన్ పడకండి, అలాగే ఉండాలి. భూమి గోళం మధ్యలో ఉన్నట్టు, మనం బయటి నుంచి చూస్తున్నట్టు గీస్తారు.

గోళం మీద 1816, 1820 అని రెండు సంవత్సరాలు ఉన్నాయన్నారు కదా, వాటిలో 1816 ప్రచురణది. నక్షత్రాల స్థానాలు లెక్కగట్టింది 1820కి. ఈ గోళాలు చేసిన లండన్ అన్నదమ్ములు జాన్, విలియం కేరీల పద్ధతి అది. పటం చెక్కిన పాత రాగిరేకులతోనే తర్వాతా అచ్చేసేవారు కాబట్టి, గోళం 1816లోనే తయారైందని చెప్పలేం.

అసలు పరీక్ష భూతద్దంతో. రాగిరేకు మీద చెక్కి అచ్చేసిన గీత తెగకుండా సాగి కొన దగ్గర సన్నబడుతుంది. సన్నని రంగు చుక్కల గుంపు కనిపిస్తే మాత్రం ఈ కాలపు ముద్రణే.

వార్నిష్ పసుపెక్కిందని తడిగుడ్డతో తుడిచేరు, కింద ఉన్నది కాగితమండీ!