పాప ల్యాబ్‌లో క్యాన్సర్ కణాలు పెంచుతోంది.. మాన్పించాలా?

ప్రశ్న: మా పాప తిరుపతిలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతోంది. ప్రాజెక్టు కోసం రొమ్ము కణాలకు కావాలనే జన్యులోపం పెట్టి పెంచుతున్నారట. వాటిని చూసుకోవడానికి ఆదివారం కూడా ల్యాబ్‌కు పోతోంది. మా అమ్మకు 44వ ఏట రొమ్ము క్యాన్సర్ వస్తే రాయవేలూరులో ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు బాగుంది. ఇంట్లో ఈ జబ్బు ఉంది కదా, ఆ కణాల వల్ల పాపకూ వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. నా వయసు 46.
- ఒక తల్లి, చిత్తూరు

జవాబు: మాన్పించకండి. ఆ కణాలు మహా సుకుమారం. 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇంక్యుబేటర్‌లో, గులాబీ రంగు ద్రవంలో మాత్రమే బతుకుతాయి. రెండు మూడు రోజులకోసారి ఆ ద్రవం మార్చకపోతే చచ్చిపోతాయి. ఆదివారం పరుగు అందుకే! చేతిమీద పడినా చర్మం దాటి లోపలికి పోలేవు. సూది గుచ్చుకున్నా, పరాయి కణాలను మన రోగనిరోధక శక్తి సాధారణంగా బతకనివ్వదు. అలాగని గ్లవ్స్ మానకూడదు. గుచ్చుకుంటే వెంటనే కడుక్కుని గైడ్‌కు చెప్పాలి, డాక్టర్‌కు చూపించుకోవాలి.

ఉన్న జబ్బు చాలక కొత్తగా లోపం పెట్టడమేమిటని మీకు అనిపించి ఉంటుంది. రోగి గడ్డలో జన్యుమార్పులు ఒకటీ రెండూ కాదు, చాలా ఉంటాయి. వాటిలో అసలు దొంగ ఏదో తేలదు. అందుకని ఎంసీఎఫ్-10ఏ లాంటి, క్యాన్సర్ లేని రొమ్ము కణాలను తీసుకుని పీఐకే3సీఏ అనే జన్యువులో ఒక్క డీఎన్ఏ అక్షరం మారుస్తారు. మార్చినవీ, మార్చనివీ పక్కపక్కనే పెంచుతారు. పెరుగుదలకు ఇచ్చే ఈజీఎఫ్ ప్రొటీన్ ఆపేస్తే మామూలు కణాలు ఆగిపోతాయి, మార్చినవి మాత్రం పెరుగుతూనే పోతాయి. తేడా ఆ ఒక్క అక్షరానిదేనని అప్పుడు తేలుతుంది. ఈ మార్పు ఉన్న రొమ్ము క్యాన్సర్‌కు ఆల్పెలిసిబ్ అనే మందు అమెరికాలో 2019లో అనుమతి పొందింది. డీఎన్ఏ దెబ్బలను బాగుచేసే బీఆర్‌సీఏ జన్యువు పనిచేయని కణాలు, మరో మరమ్మతు దారిని మూసేసే పార్ప్ ఇన్హిబిటర్ మందులకు తేలిగ్గా చస్తాయని 2005లో ల్యాబ్‌లోనే కనిపెట్టారు. ఆ కోవలోని ఓలాపరిబ్‌ను ఇప్పుడు రోగులకు ఇస్తున్నాం.

నిజానికి మీ ఉత్తరంలో నన్ను ఆపింది పాప ప్రాజెక్టు కాదు, అమ్మగారి వయసు. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమే. కానీ 50 ఏళ్లలోపు వచ్చిందంటే పుట్టుకతోనే బీఆర్‌సీఏ జన్యువులో లోపం ఉందేమో చూసే పరీక్ష గురించి ఆలోచించాలి. కొంచెం రక్తం తీస్తే చాలు. ముందు చేయించాల్సింది అమ్మగారికి, పాపకు కాదు. ఆమెలో లోపం దొరికితే అది మీకు వచ్చే అవకాశం సగానికి సగం, అప్పుడు మీకూ చేయాలి. మీలో లేకపోతే మీ నుంచి పాపకు పోయే ప్రశ్నే లేదు.

వేలూరు బయాప్సీ రిపోర్టు వెతికిపెట్టండి. అందులో ఈఆర్, పీఆర్, హెర్-2 అన్న వరుస (గడ్డ ఏ రకమో చెప్పే పరీక్షలు) ఉంటే అదీ ముఖ్యమే. దాన్ని తీసుకుని అమ్మగారితో కలిసి తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలోనో, మరో పెద్ద ఆసుపత్రిలోనో క్యాన్సర్ ఓపీకి వెళ్లండి. మీ మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) మాత్రం ఆ ఫలితం వచ్చేదాకా ఆపకండి, ఈ నెలలోనే చేయించుకోండి.